మా ఊరి పేరు మీద వచ్చే కేంద్రం డబ్బు ఎక్కడ ఆగిందో చట్టసభలో అడిగేవారు ఎవరు?

ప్రశ్న: దేవరకొండ ఉప సర్పంచ్

మాది నల్గొండ జిల్లాలో దేవరకొండ వైపు చిన్న పంచాయతీ. మొన్న డిసెంబరు ఎన్నికల్లో వార్డు సభ్యురాలిగా గెలిచాను. తోటి సభ్యులు నన్ను ఉప సర్పంచ్‌గా ఎన్నుకున్నారు. అంతకుముందు పద్నాలుగేళ్లు మా ఊరి మహిళా సంఘాల లెక్కలు రాశాను. ఆ అలవాటే ఈ ప్రశ్న అడిగిస్తోంది.

సంఘంలో లెక్క ఎలా జరుగుతుందో ముందు చెబుతాను. నెలకోసారి బడి అరుగు మీద కూర్చుంటాం. ఎవరి పొదుపు ఎంత, ఎవరి కిస్తు ఎంత, బ్యాంకుకు కట్టిన వడ్డీ ఎంత, చేతిలో మిగిలింది ఎంత, అన్నీ గట్టిగా చదువుతాను. చదువురాని అక్కలు కూడా వేళ్ల మీద కూడి చూసుకుంటారు. అందరూ సరే అన్న తర్వాతే తీర్మానం పుస్తకంలో సంతకాలు, వేలిముద్రలు. పది రూపాయలు తేడా వచ్చిన రోజు నాకు నిద్ర పట్టేది కాదు.

డిసెంబరు 22న ప్రమాణం చేశాం. మూడో రోజు పంచాయతీ బీరువా తెరిపించి నగదు పుస్తకం చూశాను. 2024 ఫిబ్రవరి మొదట్లో పాత పాలకవర్గం దిగిపోయింది. అప్పటి నుంచి మొన్నటి దాకా ప్రత్యేక అధికారి పాలన. దాదాపు రెండేళ్లు. ఆ కాలంలో ట్రాక్టర్ కిస్తు ఆగలేదు, డీజిల్ ఆగలేదు, వీధి దీపాల కరెంటు బిల్లు ఆగలేదు. బోరు మోటారు కాలినప్పుడు మెకానిక్‌కు ఇవ్వడానికి ఖాతాలో డబ్బు లేక కార్యదర్శి తన జేబులోంచి ఇచ్చి, చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టుకున్నారు. అలాంటి చీటీలు పదకొండు ఉన్నాయి. ఆ అబ్బాయి మా చిన్న తమ్ముడి వయసువాడు. చీటీలు చూపించేటప్పుడు తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు. నాకు చాలా బాధ కలిగింది.

ఆర్థిక సంఘం నిధుల పద్దు మాత్రం ఖాళీగా ఉంది. ఎందుకని ఒక కార్యాలయంలో అడిగితే "పైనుంచి రాలేదమ్మా" అన్నారు. పైన అంటే ఎంత పైన? మండలమా, జిల్లానా, హైదరాబాదా, ఢిల్లీనా? ఆ మాట ఎవరూ చెప్పలేదు. ఎన్నికైన పాలకవర్గం లేదు కాబట్టి కేంద్రం ఆపిందని మాత్రం ఒకరు అన్నారు. సర్పంచ్ లేనంత మాత్రాన ఊరు నీళ్లు తాగడం మానేసిందా? మాకు మిషన్ భగీరథ కుళాయి నీళ్లు రెండు రోజులు ఆగితే మళ్లీ బోరు దగ్గరికే పోతాం. మా జిల్లాలో ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు ఏమి చేశాయో మర్రిగూడ, మునుగోడు వైపు వంగిపోయిన కాళ్లే సాక్ష్యం.

నా ప్రశ్న ఇది. సంఘంలో ఒక అక్క కిస్తు కట్టకపోతే ఎందుకు కట్టలేదో పదిమంది అడుగుతారు. ఇక్కడ ఒక పద్దు రెండేళ్లు ఖాళీగా ఉంటే అడగాల్సిన ఆ పదిమంది ఎక్కడ కూర్చుంటారు? పార్లమెంటులోనా, శాసనసభలోనా? నేను ఎంపీ దగ్గరికి వెళ్లాలా, ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లాలా? తెలిసినవారు చెప్పండి.

జవాబు: పాత ఆడిట్ ఉద్యోగి, వనపర్తి

అమ్మా, లెక్కల తనిఖీలో ముప్పై ఏళ్లు పనిచేసి దిగాను. మీ పదకొండు చీటీల మాట చదివాక ఊరికే ఉండలేకపోయాను.

ముందు డబ్బు నడిచే దారి చూడండి. రాజ్యాంగం 280వ అధికరణం కింద కేంద్ర ఆర్థిక సంఘం పంచాయతీలకు ఎంత అవసరమో సిఫారసు చేస్తుంది. ఎన్.కె. సింగ్ అధ్యక్షతన పనిచేసిన పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 మార్చి 31 వరకు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు చెప్పింది. అందులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి మాత్రమే ఖర్చు పెట్టాలన్నది. మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చన్నది, జీతాలకు, పరిపాలన ఖర్చులకు మాత్రం కాదు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ సిఫారసు చేస్తే ఆర్థిక శాఖ విడుదల చేస్తుంది. డబ్బు నేరుగా మీ ఊరికి రాదు. ముందు రాష్ట్ర సంచిత నిధిలో, అంటే ప్రభుత్వ ప్రధాన ఖజానాలో పడుతుంది. అక్కడి నుంచి పది పనిదినాల్లో స్థానిక సంస్థలకు చేరాలి. ఆలస్యమైతే రాష్ట్రం వడ్డీతో కలిపి ఇవ్వాలి. ఈ వడ్డీ మాట చాలామంది సర్పంచులకు ఈ రోజుకీ తెలియదు.

ఇప్పుడు మీరు అడిగిన పదిమంది. ఢిల్లీలో ఉన్నవారి చేతులు కొంత కట్టి ఉన్నాయి. ఈ గ్రాంట్లు 275వ అధికరణం కింద ఇస్తారు కాబట్టి అవి సంచిత నిధి మీద నేరుగా పడే వ్యయం. వాటిపై లోక్‌సభలో చర్చ ఉంటుంది, ఓటింగు ఉండదు. పైగా డబ్బు ఆర్థిక శాఖ పద్దులో ఉంటుంది, పర్యవేక్షణ పంచాయతీరాజ్ శాఖది. ఎంపీలతో కూడిన గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ స్థాయీ సంఘం ఏటా ఆ శాఖ పద్దులను పరిశీలించి, ఏ రాష్ట్రానికి ఎంత ఆగిందో, ఎందుకు ఆగిందో అడుగుతుంది. నివేదికలో రాస్తుంది. ఆ నివేదికలు ఎవరైనా చదవవచ్చు. మన దగ్గర చదివేవారు తక్కువ.

హైదరాబాదులో అసలు బాధ్యత ఉంది. రాష్ట్ర బడ్జెట్‌లో పంచాయతీరాజ్ పద్దుకు శాసనసభ ఓటు వేస్తుంది. రాష్ట్ర ఆర్థిక స్థితిపై ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఇచ్చే నివేదిక సభ ముందుకు వస్తుంది, దాన్ని సభ్యులతో కూడిన ప్రజాపద్దుల సంఘం పరిశీలించాలి. వీటన్నిటికంటే ముఖ్యమైనది 243-ఐ అధికరణం. ప్రతి ఐదేళ్లకు రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని వేయాలి. అది ఇచ్చిన ప్రతి సిఫారసునూ, దానిపై ఏమి చేశారో చెప్పే పత్రాన్నీ శాసనసభ ముందు ఉంచాలి. తెలంగాణలో మొదటి సంఘం 2017లో జి. రాజేశం గౌడ్ అధ్యక్షతన, తర్వాతది 2024లో సిరిసిల్ల రాజయ్య అధ్యక్షతన వేశారు. పదిహేనో ఆర్థిక సంఘం ఒక గట్టి షరతు పెట్టింది. 2024 మార్చి తర్వాత, రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని వేసి ఆ చర్యల పత్రాన్ని సభలో పెట్టని రాష్ట్రానికి గ్రాంట్లు ఇవ్వకూడదన్నది. అంటే శాసనసభలో ఒక కాగితం బల్ల మీదికి రావడానికీ మీ బోరు మోటారుకూ నేరుగా సంబంధం ఉంది. మీ ఎమ్మెల్యేను అడగాల్సిన మొదటి మాట అదే: ఆ పత్రం సభలో ఏ తేదీన పెట్టారు?

ఎన్నికైన పాలకవర్గం ఉండాలనే షరతు కూడా నిజమే. నా ఉద్దేశంలో ఆ షరతు తప్పు కాదు. 243-ఇ ప్రకారం పంచాయతీ గడువు ముగియకముందే ఎన్నిక పూర్తి కావాలి. బీసీ రిజర్వేషన్ల వివాదం, కోర్టు కేసులు ఏమైనా కావచ్చు, ఎన్నిక ఆలస్యం చేసింది మీ ఊరివాళ్లు కాదు. శిక్ష మాత్రం మీ ఊరి పద్దు మీద పడింది. ఆలస్యానికి కారణమైనవారు ఆ లోటు పూడ్చాలని ఎక్కడా రాసి లేదు. సభ మాట్లాడాల్సింది ఇక్కడే.

మహారాష్ట్ర శాసనసభకు ప్రత్యేకంగా పంచాయతీరాజ్ కమిటీ ఉంది. సభ్యులు జిల్లాలకు వెళ్లి, ఆడిట్ అభ్యంతరాలు ముందు పెట్టుకుని జిల్లా పరిషత్ అధికారులను ప్రశ్నిస్తారు. కేరళ శాసనసభలో స్థానిక నిధుల పద్దుల కమిటీ ఉంది. నా ఉద్యోగకాలంలో ఒకే అభ్యంతరాన్ని ఒకే ఊరికి ఏడేళ్లు వరుసగా రాశాను. ఎనిమిదో ఏడు రాసేటప్పుడు చెయ్యి ఆగింది. నేను రాసింది చదివి ఒక శాసనసభ్యుడు ఒక్కసారైనా "ఇదేమిటి" అని అడిగి ఉంటే ఆ ఏడేళ్లకు అర్థం ఉండేది.

చివరగా మీ బీరువా సంగతి. 2023-24 నుంచి ఏ పంచాయతీ లెక్కలు ఆన్‌లైన్‌లో ఉంటాయో ఆ పంచాయతీకే గ్రాంటు. గత ఏడాది తాత్కాలిక లెక్కలు, అంతకు ముందు ఏడాది ఆడిట్ అయిన లెక్కలు, రెండూ ఉండాలి. పంచాయతీ లెక్కలు పెట్టే ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైటులో మీ ఊరి పేరు తెరిచి చూడండి. కొంత మీ దగ్గరే ఆగి ఉండవచ్చు. ఆ చీటీలను కూడా అలా వదిలేయకండి. బిల్లులు తెప్పించి, పాలకవర్గం తీర్మానంతో పుస్తకంలోకి ఎక్కించండి. లేకపోతే రేపు ఆ అబ్బాయి మీదకే వస్తుంది.

జవాబు: తండా ఉపాధ్యాయుడు, అచ్చంపేట

అక్కా, ఆగిన డబ్బు గురించి సార్ చెప్పారు. నేను వచ్చిన డబ్బు గురించి చెబుతాను, ఎందుకంటే మా తండాకు వచ్చినప్పుడు కూడా తక్కువే వస్తుంది.

పంచాయతీల మధ్య పదిహేనో ఆర్థిక సంఘం నిధులు పంచినప్పుడు 90 శాతం జనాభాను, 10 శాతం విస్తీర్ణాన్ని చూశారు. జనాభా అంటే 2011 లెక్కే. ఆ లెక్క ఎప్పుడు తీశారో గుర్తుందా? 2011 ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. పాలమూరులో ఫిబ్రవరి అంటే ఏమిటో మన వాళ్లకు చెప్పనవసరం లేదు. పంట ఇంటికి చేరాక మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయికి, పుణెకు, హైదరాబాదుకు వెళ్లిపోయే కాలం. ఇళ్లకు తాళాలు, ఇంటి ముందు ముసలివాళ్లు, బడిలో సగం మంది పిల్లలు. జనగణనలో మనిషి ఆ రోజుల్లో ఎక్కడ ఉంటే అక్కడే లెక్క. పునాదుల పక్కన గుడిసెలో ఉన్న మా అన్నా వదినలు బొంబాయి జనాభాలో కలిశారో, అసలు ఎవరి లెక్కలోనూ పడలేదో నేను చెప్పలేను. మా తండా లెక్కలో మాత్రం లేరు. వానాకాలంలో తిరిగి వచ్చి తాగే నీళ్లు మా ట్యాంకువే.

2018లో ఐదు వందల జనాభా దాటిన తండాలను పంచాయతీలుగా చేశారు. మంచి పని, మా తండాలో పండుగ చేసుకున్నాం. కానీ పాత ఊరి జనాభాలోంచి మా వాటాను విడదీసి రాసుకున్నారు. ఆ విడదీత ఏ కాగితం ఆధారంగా చేశారో చూపించమని అడిగితే మాకు ఇప్పటికీ చూపలేదు.

వచ్చే జనాభా లెక్కకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. అంటే మళ్లీ ఫిబ్రవరిలోనే ఇంటింటికీ వస్తారు. నేను ఎన్యూమరేటర్‌గా వెళ్లే అవకాశం ఉంది. తాళం వేసిన ఇంటి ముందు నిలబడి ఏమి రాయాలో ఇప్పటి నుంచే ఆలోచిస్తున్నాను. వలస ఉన్న మండలాలకు పంపిణీలో వేరే సర్దుబాటు ఉండాలని అడిగే ఎమ్మెల్యే ఒక్కరు ఉన్నా ఇంత దిగులు ఉండేది కాదు. రాష్ట్ర ఆర్థిక సంఘం అలాంటి సూత్రం చెప్పవచ్చు, సభ దాన్ని చర్చించవచ్చు. అది సార్ చెప్పిన కాగితమే.

జవాబు: గద్వాల నుంచి డాలస్

నేను అమెరికాలో చిన్న పట్టణాల లెక్కల సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నాను. ఇక్కడ నేను చూసిన ఒక పద్ధతి మీకు పనికొస్తుందనిపించింది.

2021 మార్చిలో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ కరోనా సహాయ చట్టం చేసింది. రాష్ట్రాలకు, స్థానిక ప్రభుత్వాలకు, ఆదివాసీ ప్రభుత్వాలకు కలిపి 350 బిలియన్ డాలర్లు కేటాయించింది. యాభై వేల లోపు జనాభా ఉన్న పట్టణాలకు డబ్బు మన దగ్గరలాగే రాష్ట్రం ద్వారా వెళ్లింది. కానీ రాష్ట్రం దాన్ని 30 రోజుల్లో, జనాభా నిష్పత్తి ప్రకారం పంచాలని చట్టంలోనే రాశారు. అదనపు షరతులు పెట్టకూడదు. పట్టణం రాష్ట్రానికి పాత బాకీ ఉన్నా ఈ డబ్బులోంచి కోసుకోకూడదు. ఈ చివరి మాట చదివినప్పుడు మా ఊరి పంచాయతీ కరెంటు బకాయిలే గుర్తొచ్చాయి.

కాంగ్రెస్‌కు తన సొంత తనిఖీ సంస్థ ఉంది. అది ఈ డబ్బు ఎవరికి చేరిందో, ఎవరు లెక్క పంపలేదో చూసి నేరుగా చట్టసభకే నివేదిస్తుంది. ఇక్కడ కూడా అంతా సాఫీగా లేదు. ఇద్దరు ఉద్యోగులున్న పట్టణాలు ఏటా నివేదిక పంపలేక ఎంత ఇబ్బంది పడ్డాయో నా కళ్లతో చూశాను. 1972లో మొదలైన ఇలాంటి ఆదాయ పంపకం 1986లో పూర్తిగా ఆగిపోయింది కూడా. ఇక్కడి రాజ్యాంగంలో మన 280, 243-ఐ లాంటి హామీ లేదు. మనకు ఉన్న హామీని వాడుకోకపోవడమే నన్ను కలచివేస్తోంది.

జవాబు: మిర్యాలగూడ విలేకరి

అక్కా, ఎంపీనా ఎమ్మెల్యేనా అని అడిగారు. ఇద్దరినీ అడగండి, కానీ వేర్వేరు ప్రశ్నలు. ఎంపీకి: తెలంగాణ గ్రామీణ స్థానిక సంస్థలకు ఏ ఏడాది వాయిదా ఎంత ఆగింది, ఏ షరతు నెరవేరక ఆగింది? నక్షత్ర గుర్తు లేని ప్రశ్నగా వేసినా చాలు, లిఖితపూర్వక జవాబు వస్తుంది, అంకెలు అనుబంధంలో ఉంటాయి. ఎమ్మెల్యేకు: రాష్ట్రానికి అందిన తేదీ, పంచాయతీలకు చేరిన తేదీ, మధ్యలో ఆలస్యం ఉంటే కట్టిన వడ్డీ. నోటి మాటగా చెప్పకండి. ప్రశ్నను మీరే రాసి ఇవ్వండి, వారు సంతకం చేసి పంపేలా.

ఒక సంగతి నిష్ఠూరంగా ఉన్నా చెబుతాను. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, సర్పంచ్ చేతికి నేరుగా అందే డబ్బు మీద ఎమ్మెల్యేలకు అంత శ్రద్ధ ఉండదు. తమ చేతుల మీదుగా మంజూరయ్యే సీసీ రోడ్డు మీద ఉంటుంది. ఏ పార్టీ అయినా అంతే. అందుకే మీరొక్కరే వెళ్లకుండా మండలంలోని సర్పంచులు, ఉప సర్పంచులు కలిసి వెళ్లండి.

సమాచార హక్కు దరఖాస్తు కూడా వేయండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో ఐదు రూపాయలు, ఆపైన పది. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు.

తిరుగు జవాబు: దేవరకొండ ఉప సర్పంచ్

సార్, తమ్ముళ్లూ, మీ అందరికీ చేతులెత్తి దండం.

సార్ చెప్పినట్లు ఈ-గ్రామ్‌స్వరాజ్ తెరిచి చూశాం. 2024-25 లెక్క మూసి లేదు. ఏడాది చివరి నిల్వ రాయకుండా వదిలేశారు. ఆ రోజు నాకు కోపం వచ్చింది, ఎవరి మీద పెట్టుకోవాలో మాత్రం తెలియలేదు. కార్యదర్శీ నేనూ మూడు సాయంత్రాలు కూర్చుని బ్యాంకు పాసుపుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కో పద్దు సరిచూశాం. సంఘం పుస్తకాలు రాసిన చెయ్యి కాబట్టి నాకు కష్టం అనిపించలేదు. పదకొండు చీటీల్లో తొమ్మిదింటికి బిల్లులు దొరికాయి. మిగిలిన రెండింటికి ఆ మెకానిక్ ఇంటికి వెళ్లి రాయించుకు వచ్చాం. పాలకవర్గంలో తీర్మానం పెట్టాం, అందరూ సంతకం చేశారు.

తర్వాత గ్రామసభ జరిగింది. చట్టం ప్రకారం రెండు నెలలకోసారి జరపాలి కదా, ఈసారి చాటింపు వేయించాం. నేను లేచి, సంఘంలో చదివినట్లే, వచ్చింది ఎంత, పోయింది ఎంత, ఏ పద్దు ఎప్పటి నుంచి ఖాళీ, అన్నీ చదివాను. మొదట కొందరు వెనుక మాట్లాడుకుంటున్నారు. ఖాళీ పద్దు దగ్గరికి వచ్చేసరికి నిశ్శబ్దం అయింది. వెనుక గోడకు ఆనుకుని కూర్చున్న ఒక పెద్దమ్మ, మా సంఘంలో మొదటి నుంచీ సభ్యురాలు, "బిడ్డా, ఆ కిస్తు ఎవరు కట్టాలె?" అని అడిగింది. సార్ చెప్పిన దారి అంతా ఆమెకు చెప్పాను. ఢిల్లీ, హైదరాబాదు, పది పనిదినాలు, వడ్డీ. వడ్డీ అనగానే ఆమె తల ఊపింది.

మండలంలో ఆరుగురు ఉప సర్పంచులు, నలుగురు సర్పంచులు కలిసి ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లాం. విలేకరి తమ్ముడు చెప్పిన రెండు తేదీలు, వడ్డీ ప్రశ్న, దానికింద చర్యల పత్రం ఎప్పుడు సభలో పెట్టారనే ప్రశ్న, తండా టీచర్ తమ్ముడి వలస మండలాల మాట, మొత్తం ఒకటిన్నర పేజీ నా చేతిరాతతో ఇచ్చాం. చదువుతానన్నారు. ఎంపీకి నకలు పోస్టులో పంపాం. సమాచార హక్కు దరఖాస్తు జిల్లాకు రిజిస్టరు పోస్టులో పంపాను. ఆ రసీదును నగదు పుస్తకంలో, ఖాళీ పద్దు ఉన్న పేజీలోనే అంటించాను. ముప్పై రోజులు ఎప్పటికి అవుతాయో దాని కింద పెన్సిలుతో తేదీ రాసి పెట్టుకున్నాను.